రెండు పెన్నీల నీలి బిళ్ళ

మా ఇంట్లో చిన్నప్పటి నుంచీ ఒక మాట వింటూ పెరిగాను: "ఏం పరవాలేదు, మారిషస్ బిళ్ళ ఉందిగా!" అప్పులవాడు వచ్చి అరుగు మీద కూర్చున్నా, తుపానుకి పెంకులు లేచిపోయినా, నా ఇంజనీరింగు ఫీజు గడువు నెత్తి మీదికొచ్చినా అమ్మ ఆ మాటే అనేది. ఆ బిళ్ళను ఎన్నడూ అమ్మలేదు. అమ్మవలసిన అవసరం రాకుండా ఏదో ఒకటి, ఒక గొలుసో, రెండు కుంచాల పొలమో, దానికి ముందే అమ్ముడుపోతూ వచ్చింది.

నాన్నగారు తపాలా శాఖలో గుమాస్తాగా చేరి, సబ్ పోస్ట్‌మాస్టరుగా 1999లో పదవీ విరమణ చేశారు. ఉద్యోగమంతా కాకినాడ, తాళ్ళరేవు చుట్టుపక్కలే. అమ్మ పోయాక ఆయన్ను నా దగ్గరికి, కొండాపూరుకు తీసుకొచ్చాను. ఇక్కడ మా బాల్కనీలోంచి ఒక పక్క బొటానికల్ గార్డెన్ చెట్లూ, మరో పక్క కొత్తగూడ ఫ్లైఓవరు మీద పాకే కార్లూ కనబడతాయి. ఉదయం పదకొండు గంటలకు ఆయన చొక్కా తొడుక్కుని కిందికి దిగి, గేటు దగ్గర బల్ల మీద కూర్చుంటారు. పోస్ట్‌మాన్ కోసం. రోజుకి ఆ గేటులోంచి వందల కొద్దీ పొట్లాలు లోపలికొస్తాయి. కాపలావాడు ఒక్కొక్కదాన్నీ ఫోనులో నమోదు చేసి పంపుతాడు. వాటిలో తపాలా శాఖ తెచ్చేది ఏ బ్యాంకు కాగితమో, ఏ కోర్టు నోటీసో. అయినా నాన్నగారు లేచి నిలబడి, అందుకుని, ముద్ర మీద తేదీ చదివి గాని లోపలికి పంపరు. 2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారని పేపర్లో చూసిన రోజు ఆయన మధ్యాహ్నం భోజనం సరిగా చెయ్యలేదు.

బ్లాగుల్లో రాసుకునేదానికి మనం 'టపా' అని పేరు పెట్టుకున్న రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. ఆ మాట ఆయనకు చెప్పినప్పుడు చాలా సంతోషించి, "టపా అంటే బట్వాడా కావాలి కదరా, మరి మీవి ఎవరికి బట్వాడా అవుతాయి?" అని అడిగారు. జవాబు చెప్పలేకపోయాను. ఈ టపా కూడా అలాంటిదే.

విషయానికొస్తాను. మా తమ్ముడు తాళ్ళరేవు దగ్గర రొయ్యల చెరువులు చేస్తాడు. రెండు పంటలు వరసగా తెల్లమచ్చ రోగానికి పోయాయి. మూడో పంట చేతికొచ్చే వేళకు, 2025 ఆగస్టులో, అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచింది. కొనేవాడు మొహం చాటేశాడు, మేత కొట్టువాడు మాత్రం మొహం చూపించాడు. ఒకరోజు రాత్రి వాడు ఫోను చేసి, చాలాసేపు పిల్లల సంగతులు మాట్లాడి, చివరికి అన్నాడు: "అన్నయ్యా, ఆ బిళ్ళ సంగతి నాన్నగారితో ఒకసారి మాట్లాడవూ?"

మాట్లాడతానన్నాను. కాని నాకు తెలిసిన సంగతి ఒకటి వాడికి తెలియదు.

తెలియనివారి కోసం ఆ బిళ్ళ కథ కాస్త చెప్పాలి. మారిషస్ 1810 దాకా ఫ్రెంచివారి చేతిలో ఉండి, తరువాత ఇంగ్లీషువారికి దక్కిన చెరకు దీవి. బ్రిటిష్ వలసల్లో సొంత తపాలా బిళ్ళలు వేసిన మొదటిది అదే. 1847 సెప్టెంబరు 21న పెన్నీ విలువకు నారింజ ఎరుపు, రెండు పెన్నీలకు ముదురు నీలం, రెండు రకాలు విడుదల చేశారు. జోసెఫ్ బర్నార్డ్ అనే చెక్కుడు పనివాడు ఒక చిన్న రాగిరేకు మీద రెండు బొమ్మలూ చెక్కి, ఒక్కొక్క బిళ్ళా విడివిడిగా అచ్చువేశాడు. రకానికి 500. వాటిలో చాలా పెన్నీ బిళ్ళలు గవర్నరు భార్య లేడీ గోమ్ సెప్టెంబరు 30న ఇచ్చిన నాట్యవిందు ఆహ్వానపత్రాల మీదికే వెళ్ళిపోయాయి. ఇప్పుడు లోకం మొత్తం మీద రెండు రకాలూ కలిపి 27 దాకా మిగిలాయంటారు. వాటిలో ఎక్కువ భాగం బోర్డో పట్నపు వర్తకుల పాత ఉత్తరాల కట్టల్లోంచి బయటపడ్డవే.

బిళ్ళ మీద ఎడమపక్క 'పోస్ట్ ఆఫీస్' అని ఉంటుంది. మరుసటి ఏడు వేసినవాటి మీద దాని బదులు 'పోస్ట్ పెయిడ్' అని ఉంది. అందుకని బర్నార్డ్ మతిమరుపు మనిషనీ, ఏం చెక్కాలో మరిచిపోయి, అడుగుదామని వస్తూ తపాలా కార్యాలయం బోర్డు చూసి అదే చెక్కేశాడనీ ఒక కథ అల్లారు. నాన్నగారు ఈ కథను ఎంత రసవత్తరంగా చెప్పేవారంటే, బర్నార్డ్ మా ఊరి కంసాలి అనుకునేవాణ్ణి చిన్నప్పుడు. అది వట్టి కథే. ఆ కాలంలో తపాలా ముద్రల మీద ఆ మాటలు ఉండడం మామూలే. ఈ బిళ్ళల చరిత్ర మీద 2006లో పుస్తకం రాసిన హెలెన్ మోర్గన్ కూడా ఈ పొరపాటు కథను ఒప్పుకోలేదు. ఆ సంగతి నాన్నగారికి చెబితే, "కథ బాగుంది కదా, ఉండనీ" అన్నారు. ఈ 'ఉండనీ' అన్నమాటను నేను అప్పుడు పట్టించుకోలేదు.

మరి మా ఇంటికి ఆ బిళ్ళ ఎలా వచ్చింది? 1850లో పోర్ట్ లూయీ నుంచి బొంబాయికి, అక్కడి బైబిల్ సొసైటీ కార్యదర్శి పేర, రెండు పెన్నీ బిళ్ళలు అంటించిన కవరు ఒకటి వచ్చింది. అది 1897లో మన దేశంలోనే ఒక బజారులో దొరికింది. 1968లో న్యూయార్కు వేలంలో 3,80,000 డాలర్లు పలికింది. కాకినాడ తపాలా ఆఫీసులో ఆ వార్త నెలల తరబడి నలిగిందట. మన బజారులో ఒకసారి దొరికింది మళ్ళీ ఎందుకు దొరకదు? ఆ మరుసటి ఏడు జగన్నాథపురం వంతెన దగ్గర, ఓడ కళాసీల దగ్గర సామాను కొని అమ్మే ఒకాయన, చేతి గడియారాల మధ్య ఉన్న చిన్న గాజుకాగితపు మడతలోంచి ఆ నీలి బిళ్ళ తీసి చూపించాడు. నాన్నగారు రెండు నెలల జీతం పోసి కొన్నారు. అమ్మ కుట్టుమిషను కోసం దాచుకున్న డబ్బు అందులో ఉంది. అమ్మ ఆ తరువాత పదకొండేళ్ళు చేత్తోనే కుట్టింది.

నాకు తెలిసిన సంగతి ఏమిటంటే, అది నకలు. నాన్నగారు కొండాపూరు వచ్చిన మొదటి ఏడు, ఆయన పడుకున్నప్పుడు, ఆల్బము తీసి పది రెట్ల భూతద్దంతో చూశాను. రాగిరేకు మీద చెక్కి అచ్చువేసిన బొమ్మలో గీత గీతగానే ఉంటుంది, సిరా కాగితం మీద కాస్త ఉబ్బి నిలుస్తుంది. మా బిళ్ళలో రాణిగారి బుగ్గ నిండా సన్నని చుక్కలు, వార్తాపత్రికల్లో ఫొటోలకు ఉండేలాంటివి. 1847లో ఆ చుక్కల అచ్చు లేదు. ఇంతకంటే పరీక్ష అక్కర్లేదు. 1912లో అసలు రాగిరేకుతోనే తీసిన ప్రతులు కొన్ని ఉన్నాయి, వాటికీ విలువ ఉంది. మాది అదీ కాదు. ఎవరో పుస్తకంలో వేసిన బొమ్మను కత్తిరించి అమ్మారు.

ఆల్బము ఉన్నచోట పెట్టేశాను. ఎనభై దాటిన మనిషికి, యాభై ఏళ్ళ నమ్మకం మీద భూతద్దం పెట్టి చూపించడం నావల్ల కాలేదు. ఇప్పుడు తమ్ముడి అప్పు వచ్చి ఆ తలుపు తట్టింది.

ఇక్కడ కొంచెం పక్కకు వెళ్ళాలి. నాన్నగారికి మారిషస్ పిచ్చి ఆ వేలం వార్తతో మొదలవలేదు. ఆయన ముత్తాతకు ఒక తమ్ముడు ఉండేవాడు. అన్నదమ్ములిద్దరికీ ఎడ్ల దగ్గర ఏదో మాటామాటా వచ్చి, తమ్ముడు కోరంగి రేవులో పడవెక్కి చెన్నపట్నం వెళ్ళి, అక్కడి నుంచి మారిషస్ చెరకు తోటలకు కూలికి వెళ్ళిపోయాడు. ఉత్తరం రాయలేదు. మనిషీ రాలేదు. ఆయన తల్లి పోయేదాకా రేవు వైపు గుమ్మం మూయనివ్వలేదని ఇంట్లో చెప్పుకునేవారు.

కోరంగి ఇప్పుడు మడ అడవులు చూడ్డానికి వెళ్ళే చోటు. ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు. 1789లో ఒకసారీ, 1839 నవంబరులో ఒకసారీ సముద్రం ఊరి మీదికొచ్చి తుడిచిపెట్టింది. రెండో దెబ్బకు రేవు మళ్ళీ లేవలేదు. మారిషస్‌లో బానిసత్వం రద్దయ్యాక తోటలకు కూలీలు కావలసివచ్చి, 1834 నుంచి 1920 దాకా మన దేశం నుంచి దాదాపు నాలుగున్నర లక్షల మందిని తీసుకెళ్ళారు. మధ్యలో కొన్నేళ్ళు ఆపి, మళ్ళీ అనుమతించాక, 1843లో 'కోరింగా పాకెట్' అనే ఓడ మనవాళ్ళను మోసుకెళ్ళింది. అందుకే అక్కడ తెలుగువాళ్ళకు 'కోరంగీలు' అని పేరు పడింది. రేవు పోయింది, పేరు సముద్రం అవతల బతికింది. అక్కడ ఉగాది ప్రభుత్వ సెలవు. మూడో ప్రపంచ తెలుగు మహాసభలు 1990లో అక్కడే జరిగాయి. ఆ ఏడు నాన్నగారు వెళ్ళాలని దరఖాస్తు కూడా రాసి, ఖర్చు లెక్క చూసుకుని చించేశారు.

తపాలా మనిషి కాబట్టి ఆయన్ను పీడించిన ప్రశ్న ఒకటే: ఎందుకు రాయలేదు? చదువు రాదనుకుందాం, రాసిపెట్టేవాడు దొరకడా? ఈ లెక్క ఆయన నాకు ఒకసారి కాదు, పదిసార్లు వేసి చూపించారు. తోట కూలికి నెలకు ఐదు రూపాయలు, పైన తిండి గింజలు. ఐదు రూపాయలంటే ఆ కాలంలో పది షిల్లింగులు, అంటే 120 పెన్నీలు. రోజుకు నాలుగు. పోర్ట్ లూయీ పట్నంలో పట్నానికి ఉత్తరం పెన్నీ, దీవిలో పల్లెలకు రెండు పెన్నీలు. అంటే ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ఉత్తరం వెయ్యాలంటేనే సగం రోజు కష్టం. సముద్రం దాటించే ఖర్చు, రాసిపెట్టినవాడి కూలి వేరే. అంతటితో అయిపోలేదు. ఒకరోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోత. చీటీ లేకుండా తోట దాటితే తిరుగుబోతు కింద పట్టుకుని కొట్లో వేసేవారు. 1867 చట్టం తరువాత, గడువు తీరిన పాత కూలీలు కూడా తమ ఫొటో అంటించిన చీటీ వెంట పెట్టుకునే తిరగాలి. తపాలా కార్యాలయం దాకా నడవడమే నేరమైనచోట బిళ్ళ ఎంత అందంగా చెక్కితే ఏం? ఆ నీలి బిళ్ళ మనవాళ్ళ కోసం వేసింది కాదు. లేడీ గోమ్ విందు కోసం, బోర్డో వర్తకుల కోసం వేసింది.

కాలక్రమంలో మనవాళ్ళ నీడ దాని మీద పడింది లెండి. 1876లో ఆ దీవి పౌను లెక్క వదిలి రూపాయి లెక్కకు మారింది. 1878లో పెన్నీ బిళ్ళల మీద సెంట్లు అచ్చుకొట్టారు. నాన్నగారి ఆల్బములో అలాంటివి రెండు ఉన్నాయి, అవి అసలువే. ఆ పుటకు ఎదురుగా జాంజిబార్‌ది ఒకటి: మన దేశపు బిళ్ళ మీదే 1895లో 'జాంజిబార్' అని నల్లగా కొట్టినది. అవతలి పుట హైదరాబాదుది. నిజాం తపాలా 1869 నుంచి సొంత బిళ్ళలు వేసి, 1950లో దేశపు తపాలాలో కలిసింది. 1931 వరసలో చార్మినారుది, ఉస్మాన్‌సాగర్‌ది ఉన్నాయి. కొండాపూరు వచ్చిన కొత్తలో, "మనం ఇప్పుడు ఈ పుటలో కాపురం ఉన్నాం" అని చూపించారు.

తమ్ముడు ఒక శుక్రవారం గౌతమిలో బయలుదేరి, శనివారం పొద్దున్నే లింగంపల్లిలో దిగి వచ్చాడు. సంచీలో కాజాలూ, అప్పు కాగితాలూ. వాడి కళ్ళ కింద నలుపు చూసి నా భార్య ఏమీ అడగకుండా కాఫీ పెట్టింది. వాడు స్నానానికి వెళ్ళగానే నేను నాన్నగారి గదిలోకి వెళ్ళాను. చెప్పవలసింది వాడు రాకముందే చెప్పాలి.

"నాన్నగారూ, ఆ మారిషస్ బిళ్ళ గురించి..." అని మొదలుపెట్టి ఆగిపోయాను.

ఆయన మంచం మీద కూర్చుని మడత కళ్ళజోడు తుడుచుకుంటున్నారు. "భూతద్దం పెట్టి చూశావు కదూ?" అన్నారు.

నోట మాట రాలేదు.

"వచ్చిన ఏడే చూశావు. ఆల్బము వెనక్కి పెట్టేటప్పుడు పట్టుకాగితం తిరగేసి పెట్టావురా. ముప్ఫై ఎనిమిదేళ్ళు ఉత్తరాలు చూసినవాణ్ణి, ఆ మాత్రం తెలియదా?"

"మరి మీకు..."

"కొన్న వారానికే తెలిసింది. ఆఫీసులో భూతద్దం లేదా నాకు? చుక్కలు కనపడగానే కడుపులో చెయ్యి పెట్టి తిప్పినట్టయింది. సైకిలు వేసుకుని వంతెన దగ్గరికి పోతే వాడు లేడు. ఇంటికొచ్చేసరికి మీ అమ్మ చేత్తో నీ చొక్కాకి గుండీలు కుడుతోంది. ఎలా చెప్పమంటావు? రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకున్నాను. ఈలోగా అదే అందరికీ చెప్పుకోవడం మొదలెట్టింది, మా ఆయన దగ్గర లక్షలు చేసే బిళ్ళ ఉందని. అది చెప్పుకునేటప్పుడు దాని మొహం చూశావా ఎప్పుడన్నా?"

చూశాను. ఎన్నోసార్లు చూశాను.

"పోయేముందు ఆసుపత్రిలో కూడా అడిగింది, పిల్లలకి ఆ బిళ్ళ జాగ్రత్తగా పంచండి అని. సరేనన్నాను." ఆయన కళ్ళజోడు మళ్ళీ తుడవడం మొదలుపెట్టారు. తుడవడానికి దాని మీద ఏమీ లేదు.

తమ్ముడికి తనే చెబుతానన్నారు. టిఫిన్ల తరువాత ముగ్గురం కూర్చున్నాం. ఆయన దాచకుండా, సాగదీయకుండా, ఆఫీసులో పొరపాటుకు సంజాయిషీ రాసినట్టు చెప్పారు. వాడు విని చాలాసేపు బాల్కనీ వైపు చూశాడు. కోప్పడతాడనుకున్నాను. కోప్పడితే బాగుండుననిపించింది. చివరికి, "అమ్మకి తెలియకుండా పోయింది, అదే మేలు" అన్నాడు. తరువాత చిన్నపిల్లవాడిలా బిళ్ళ తెప్పించుకుని, భూతద్దం అడిగి, చుక్కలు చూశాడు. "నిజమే, ఫొటోనే" అన్నాడు. ముగ్గురికీ ఎందుకో నవ్వొచ్చింది. ఎక్కువసేపు నిలవలేదు.

అప్పు సంగతి బిళ్ళతో తీరేది కాదు కాబట్టి, అందరూ తీర్చుకునే దారినే తీర్చుకున్నాం. నేను ఇక్కడి స్థలం మీద అప్పు తీసి కొంత పంపాను. వాడు రెండు చెరువులు వదిలేసి ఒకటి ఉంచుకున్నాడు. మిగతా ఆల్బమంతా ఒక వ్యాపారికి చూపించాం. ఆయన చెప్పిన ధర విని మూసేసి ఇంటికి తెచ్చుకున్నాం.

ఇది జరిగిన కొన్ని రోజులకు నాన్నగారికి పోర్ట్ లూయీలోని బ్లూ పెన్నీ మ్యూజియం సంగతి చదివి వినిపించాను. 1993లో మారిషస్ బ్యాంకులూ సంస్థలూ కొన్ని కలిసి ఇరవై లక్షల డాలర్లు పెట్టి ఒక ఎరుపు, ఒక నీలం బిళ్ళను కొని స్వదేశానికి తీసుకెళ్ళాయి. 2001లో వాటి కోసమే మ్యూజియం తెరిచారు. వెలుతురు తగిలితే రంగు పోతుందని అసలు బిళ్ళల మీద గంటకు కొన్ని నిమిషాలే దీపం వేస్తారు. మిగతా సేపంతా చూసేవాళ్ళకు నకళ్ళే కనిపిస్తాయి. నాన్నగారు ఇది రెండుసార్లు చదివించుకున్నారు.

ఆ మ్యూజియం కంటే ఆయనకు ఎక్కువ పనికొచ్చిన సంగతి ఇంకొకటి ఉంది. కూలీలుగా వెళ్ళినవారి రిజిస్టర్లు, మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో భద్రంగా ఉన్నాయి. మనిషికో అంకె, ఓడ పేరు, తండ్రి పేరు, ఊరు, కులం, వయసు, ఎత్తు, ఒంటి మీద పుట్టుమచ్చలు, చాలామందికి ఫొటోలు. ఉత్తరం రాయనివ్వని రాజ్యమే మనిషిని ఇంత వివరంగా రాసిపెట్టుకుంది. ముత్తాత తమ్ముడి పేరు మాకు తెలుసు. ఆయన తండ్రి పేరు, ఊరు తెలుసు. వెళ్ళిన ఏడు ఇంచుమించుగా తెలుసు.

నేను ఈమెయిలు పంపుతానన్నాను. ఆయన తలెత్తకుండా, "ఉత్తరం బాకీ మనది కాదు, నిజమే. అయినా ఎవరో ఒకరు మొదలెట్టాలిగా" అని, తెల్లకాగితం అడిగారు. రెండు రోజులు రాశారు. తెలుగులో ఒకటి, నా చేత ఇంగ్లీషులో ఒకటి.

సోమవారం ఇద్దరం కొండాపూర్ పోస్టాఫీసుకు వెళ్ళాం. కౌంటరులో అమ్మాయి కవరు తూచి, కంప్యూటర్లో చూసి, ధర చీటీ అచ్చుతీయబోయింది. నాన్నగారు వంగి, "అమ్మా, నేనూ ఈ డిపార్ట్‌మెంటు వాణ్ణే. చీటీ వద్దు, బిళ్ళలు ఉంటే ఇస్తావా?" అన్నారు. ఆ అమ్మాయి ఆయన్ను ఒకసారి చూసి, సొరుగు లాగి, అడుగున వెతికి, నాలుగు రకాలవి లెక్కపెట్టి ఇచ్చింది. ఆయన ఒక్కొక్కటీ తడిపి, కుడిచేతి వైపు పైమూలన, అంచులు ఒకదానికొకటి తగలకుండా అంటించారు. చేతులు వణికాయి గాని బిళ్ళలు వంకరపోలేదు.

"ముద్ర నా ఎదురుగా వెయ్యమ్మా" అన్నారు. వేసింది. ఆయన కవరు వెలుతురులోకి తిప్పి తేదీ చదివి, సగం అక్షరాలు పడలేదని వెనక్కి ఇచ్చారు. ఆ అమ్మాయి నవ్వుతూ ముద్ర మళ్ళీ సిరాలో అద్దింది.